బల్ల మీద రెండు చీట్లు

శనివారం పొద్దున నందిని సంచి సర్దుతోంది.

నీలం రంగు జిప్పు సంచి, కువైట్‌లో ఇంటిపనికి పంపే ఏజెంటు ఇచ్చింది. మంచం మీద దాని నోరు తెరిచి పెట్టి, అడుగున రెండు పొడుగు చేతుల నైటీలు పరిచింది. వాటి మీద తువ్వాలు. తువ్వాలు మడతలో కూతురు లోహిత ఫోటో. పక్కన ఊరగాయ సీసా. మూత చుట్టూ ప్లాస్టిక్ కాగితం చుట్టి, దారంతో కట్టి, పళ్లతో ముడి బిగించింది.

మునెమ్మ గడపలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఒక గింజ తీస్తుంది, తలెత్తి సంచివైపు చూస్తుంది. మళ్లీ ఇంకో గింజ.

"దేవుణ్ణి అడగనే లేదు. అప్పుడే సర్దేస్తాండావే."

"అడిగేది రేపు గదమ్మా. బుధవారం బస్సు. అంతా కడాకు పెట్టుకుంటే కుదర్తాదా?"

"ఆయన వద్దంటే?"

"వద్దంటే తీసి దండెం మీద యాస్తా. సంచికేమన్నా నొప్పా?"

పక్కింటి గంగులమ్మ కొక్కెం కాటా పట్టుకుని వచ్చింది. బెల్లం గానుగ దగ్గర ముద్దలు తూచే కాటా అది. సాయంత్రానికి తిరిగిస్తానని అడిగి తెచ్చింది. విమానంలో బరువు ఎక్కువైతే దింపేస్తారని ఆమెకు ఎవరో చెప్పారు.

"పట్టు మే ఆ పక్క," అంది నందినితో. ఇద్దరూ సంచిని కొక్కేనికి తగిలించి పైకెత్తారు. ముల్లు వణికి ఆగింది. "ఇంతేనా? ఇంకో సీసా పట్టేదానికి సందు ఉండాది. అయినా ఈ ఊరగాయ వాసనకి కువైటోళ్లు ఇల్లు నీకే వదిలేసి పోతారు, సూడు."

నందిని నవ్వింది. మునెమ్మ నవ్వలేదు.

"ఏం మునెమ్మక్కా, పెద్దచావిడిలో తగూకి కూచున్నట్టు కూచున్నావు? రెండేండ్లు. కండ్లు మూసి తెరిస్తే అయిపోతాయి."

"వాళ్ల నాయన ఆస్పత్రికి పోయినప్పుడు నాలుగు రోజులన్నారు," అంది మునెమ్మ. "అల్లుడు తిరుప్పూరుకు పోయినప్పుడు పండగలోపల వస్తాడన్నారు."

గంగులమ్మ కాటా చుట్టి చంకలో పెట్టుకుంది. నందిని సంచిలోకి చెయ్యి పెట్టి, సర్దిందాన్నే మళ్లీ సర్దింది.

"నేను వాళ్లను కాదమ్మా. నాకు బిడ్డ ఉండాది ఈడ." కొంచెం సేపటికి మళ్లీ అంది, "దాన్ని చిత్తూర్లో హాస్టల్ బళ్లో ఎయ్యాల. అది పిప్పి ముట్టుకోకూడదు. అంతే నాకు కావాల్సింది."

తొమ్మిదేళ్ల లోహిత అప్పటికే బయట, ఇద్దరు పిల్లలతో కలిసి, ఎండిన చెరుకు పిప్పి మీద జారుడుబండ ఆడుతోంది.

*

గానుగ ఐరాల రోడ్డు పక్కన ఉంటుంది. మధ్యాహ్నం తల్లీ కూతుళ్లు పనికి పోయారు. చెరుకు పిండగా వచ్చిన పిప్పిని చేటంత బుట్టల్లోకి ఎత్తి, పొలంలో పరిచి, ఎండినదాన్ని పొయ్యి దగ్గర కుప్ప వెయ్యాలి. పచ్చి పిప్పి బరువు. రసం కారి మెడ మీద పడి ఆరితే చర్మం పట్టేస్తుంది, ఈగలు ముసురుతాయి. నందిని పొయ్యిలోకి పిప్పి తోసే దగ్గర కూర్చుంది. మంటకు ఆమె కుడిచేతి వెంట్రుకలు ఎప్పుడో పోయాయి. ఆ చెయ్యి ఎడమచేతి కంటే నల్లగా ఉంటుంది.

పాకం పట్టే ముసలాయన పెనం పక్కన నిలబడి కళ్లు మూసుకున్నాడు. రసం కుతకుతమంటూ ఉడుకుతోంది. ఆయన దాన్ని చూడడు, వింటాడు. నీళ్లు ఇగిరే కొద్దీ సద్దు మారుతుందట, లావు సద్దు పోయి గొంతు పట్టినట్టు అవుతుందట. అప్పుడు చెయ్యి ఎత్తితే నలుగురూ కలిసి పెనం దించుతారు.

"ఆపండమ్మే మాటలు," అని కసురుకున్నాడు ఆడవాళ్లను. "మీరు వాగతా ఉంటే నాకేం ఇనపడతాది?"

మునెమ్మ ఆ మాట విని కూడా పట్టించుకోలేదు. ఆమె పెదాలు పొద్దుటి నుంచీ కదులుతూనే ఉన్నాయి. ఉంచు తండ్రీ, దీన్ని ఉంచు, నా కండ్ల ముందర ఉంచు.

*

వాళ్ల ఊరి చర్చిలో పెద్ద విషయాలకు చీటీ అడుగుతారు. ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. పెళ్లి సంబంధమో, ఆపరేషనో, ఊరు విడిచి పోవడమో వస్తే, శనివారం సాయంత్రం ఔనని ఒకటి, వద్దని ఒకటి రెండు చీట్లు రాసి, ప్రభువు బల్ల మీది గిన్నెలో వేసి, తెల్లగుడ్డ కప్పుతారు. రాత్రంతా అవి అక్కడే ఉంటాయి. ఆదివారం ఆరాధన అయ్యాక, ఎవరి విషయమో వాళ్లే వచ్చి ఒకటి తీసి, సంఘం ముందు చదవాలి. చదివిన చీటీని తీసినవాళ్లే దాచుకుంటారు. గిన్నెలో మిగిలినదాన్ని ఎవరూ విప్పరు. దేవుడు చెప్పని మాటను మనిషి చూడకూడదని దాన్ని కొవ్వొత్తికి చూపించి కాల్చేస్తారు.

చీట్లు రాసేది మునెమ్మ. బడికి పోలేదు. పాటల పుస్తకం ముందర పెట్టుకుని, పాడే మాటలకూ అచ్చులో ఉన్న అక్షరాలకూ జత కుదుర్చుకుంటూ నలభయ్యో ఏట చదవడం నేర్చుకుంది. ఇరవై ఏళ్లుగా చర్చి ఊడ్చేదీ, గిన్నె తోమేదీ, చీట్లు రాసేదీ ఆమే. ఎవరికైనా ఆమె చేతి అక్షరాలంటే నమ్మకం.

ఆ సాయంత్రం కూడా గిన్నెను చింతపండుతో తోమింది. చర్చి ఊడ్చింది. చాప మీద మోకాళ్లూని అడగడం మొదలుపెట్టింది. నిజానికి అడగలేదు. ఉంచు తండ్రీ అంది. అది ఒక్కతే మిగిలింది తండ్రీ అంది. ఆయన్ను తీసుకుపోయినావు, నేనేమన్నా అన్నానా అంది. మోకాళ్లు తిమ్మిరెక్కేదాకా ఆమె ఒక్కతే మాట్లాడింది. ఊపిరి తిప్పుకోవడానికి ఒకసారి ఆగితే, ఆ కాసేపట్లోనే ఏదైనా వినబడుతుందేమోనని భయమేసి, మళ్లీ మాట అందుకుంది.

కిటికీలో వెలుతురు తగ్గుతోంది. లోహిత రూళ్ల పుస్తకంలోంచి చింపి తెచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గోటితో గీసి, రెండు ముక్కలు తీసింది. పెన్సిల్ నాలుక మీద తడుపుకుంది. మొదటి ముక్క మీద 'ఉండు' అని రాసింది.

రెండో ముక్క చాప మీద పెట్టి చాలాసేపు చూసింది. ఇరవై ఏళ్లలో ఎన్ని చీట్లు రాసిందో. సంఘ పెద్ద జయరావు ఆపరేషన్‌కు రాసింది. గంగులమ్మ కూతురు పెళ్లికి రాసింది. ఒక్కసారి కూడా చెయ్యి వణకలేదు. ఇప్పుడు కూడా వణకలేదు. అదే ఆమెకు తర్వాత చాలాకాలం గుర్తుండిపోయింది.

రెండో ముక్క మీద కూడా 'ఉండు' అని రాసింది.

రెండింటినీ ఒకేలా మడిచి గిన్నెలో వేసి, గుడ్డ కప్పి, తలుపు దగ్గరగా లాగి ఇంటికి వచ్చింది.

*

ఆదివారం కొత్త పాస్టరు సునీల్‌కుమార్ ఆరాధన ముగించి, బల్లవైపు చూసి, కొంచెం ఇబ్బందిగా నిలబడ్డాడు. వచ్చి ఏడాది కాలేదు. చిన్నవాడు.

"జయరావన్నా, ఈ చీటీల పద్ధతి గురించి మనం ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే బాగుంటుంది," అన్నాడు మెల్లగా.

"మాట్లాడుకుందాం అయ్యా," అన్నాడు జయరావు. "మీరు పుట్టకముందు నుంచి ఉండాది ఇది. మాట్లాడుకునేదానికి తొందరేముంది? ఆ బిడ్డకు బుధవారం బస్సు. దానికి తొందర."

వెనక ఆడవాళ్లు నవ్వారు. పాస్టరు కూడా నవ్వి పక్కకు జరిగాడు.

నందిని ముందుకు వచ్చింది. తెల్లచీర కొంగు తలమీద కప్పుకుంది. జయరావు గుడ్డ తీశాడు. సంఘమంతా కళ్లు మూసుకుంది. మునెమ్మ మూసుకోలేదు. కూతురు చెయ్యి గిన్నెలోకి పోవడం, రెండు వేళ్లతో ఒకటి పట్టుకోవడం, అది వదిలి రెండోది పట్టుకోవడం చూసింది. ఏది పట్టుకుంటే ఏం, అనుకుంది. ఇంటికి పోయి సంచిలోంచి ఆ నైటీలు తీసి దండెం మీద తానే వేద్దామనుకుంది. ఊరగాయ సీసా కట్టు విప్పి మధ్యాహ్నం అన్నంలోకి పెడదామనుకుంది.

నందిని చీటీ విప్పింది. చూసింది. మడిచింది. మళ్లీ విప్పింది.

"గట్టిగా సదువమ్మా," అన్నాడు జయరావు.

"పొమ్మన్నాడు," అంది నందిని.

"స్తోత్రం!" అంది సంఘం.

మునెమ్మకు మొదట అర్థం కాలేదు. తాను పొరపాటున ఒకదాని మీద ఇంకోలా రాసిందా అనుకుంది. లేదు. రెండో కాగితం మీద పెన్సిల్ ఒత్తి రాసిన ఆ మాట కళ్లముందే ఉంది.

అప్పటికి జయరావు మిగిలిన చీటీని కొవ్వొత్తి మీద పట్టాడు. అది చివర ముడుచుకుని, నల్లబడి, పళ్లెంలో రాలింది.

చీటీ చూపించమని అడగొచ్చు. అడిగితే అందరూ తిరిగి తనవైపు చూస్తారు. ఎందుకు మునెమ్మా, నీకెందుకు అనుమానం, అంటారు. ఏ చీటీ వచ్చిందో తీసినవాళ్లకు తప్ప తెలియకూడదు. పొమ్మని రాలేదని తనకు ముందే ఎట్లా తెలుసు? నోరు తెరిచింది. పక్కనున్న గంగులమ్మ ఆమె భుజం పట్టుకుని, "ఏడవొద్దక్కా, దేవుడే పంపిస్తాండాడు, ఇంకెందుకు భయం?" అంది.

మునెమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

*

సోమవారం, మంగళవారం ఇద్దరూ అక్కరకు మించి మాట్లాడుకోలేదు. నందిని గానుగకు రాలేదు. ఇల్లు అలికింది. లోహిత తల దువ్వి, పేలు చూసి, రెండు జడలు వేసింది. మళ్లీ విప్పి మళ్లీ వేసింది. అన్నం ముందు కూర్చుని వేళ్లతో కెలికి లేచిపోయింది.

"ఏం మే, కడుపులో బాగలేదా?"

"బాగుండాదమ్మా."

చెప్తుందేమోనని మునెమ్మ చూసింది. కూతురు చెప్తే తానూ చెప్పేద్దామనుకుంది. ఒకసారి నందిని పొయ్యి దగ్గర నుంచి అంది.

"అమ్మా, దేవుని మాటను మార్సి సెప్తే ఏమవుతాది?"

మునెమ్మ చేతిలో చేట ఆగిపోయింది. తన గురించే అడుగుతోందనుకుంది. "ఎందుకు అడుగుతాండావు?"

"ఊరికే."



మంగళవారం సాయంత్రం పాస్టరు ప్రయాణ ప్రార్థన చేయడానికి వచ్చాడు. లోహితను మంచం మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ప్రార్థన అయ్యాక కాఫీ గ్లాసు పట్టుకుని, "పెద్దమ్మా, ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు," అన్నాడు. "దేవుడు మాట్లాడాడని మీకు ఎట్లా తెలుస్తుంది? నేను కాలేజీలో మూడేళ్లు చదివాను. నాకు ఒక్కసారి కూడా గట్టిగా తెలియలేదు."

అడిగే తీరులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

మునెమ్మ ఎప్పుడూ చెప్పే జవాబు ఒకటుంది. గానుగ దగ్గర ముసలాయన పాకం సద్దు విన్నట్టే, అని చెప్పేది. మనం నోరు మూసుకుంటే మారిన సద్దు తెలుస్తాదయ్యా, అనేది.

"నాకు తెలీదయ్యా," అంది.

అది వినయమనుకుని పాస్టరు తల ఊపాడు.

*

బుధవారం లోహిత బడికి పోయేటప్పుడే తల్లికి చెయ్యి ఊపి పోయింది. మునెమ్మ, నందిని ఆటోలో చిత్తూరు బస్టాండుకు వచ్చారు. మద్రాసు బస్సు ఆగి ఉంది. సాయంత్రానికి అక్కడ దిగితే ఏజెంటు మనిషి వచ్చి విమానం దగ్గరికి తీసుకుపోతాడు. నందిని కిటికీ పక్కన సీటు పట్టుకుని, నీలం సంచిని కాళ్ల మధ్య పెట్టుకుంది. మునెమ్మ కింద నిలబడి, కిటికీ కమ్మీ పట్టుకుంది. అరటిపండ్లు అందించింది. నీళ్ల సీసా అందించింది. ఇంకేం అందించాలో తోచక కొంగు ముడి విప్పి మళ్లీ వేసుకుంది.

"చేరినాక ఫోన్ చెయ్యి. నువ్వు చేరినానని చెప్పేదాకా ఇల్లు ఊడ్చను."

"ఇంకా ఆ పట్టింపేనా నీకు? పాస్టరయ్య వింటే తిడతాడు."

"తిట్టనీ."

డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు. నందిని జాకెట్‌లో చెయ్యి పెట్టి ఒక చిన్న కాగితం మడత తీసింది. చెమటకు మెత్తబడి ఉంది. దాన్ని కమ్మీల మధ్య నుంచి తల్లి గుప్పిట్లో పెట్టి, ఆ గుప్పిటను రెండు చేతులతో మూసింది.

"ఇది నా దగ్గర పెట్టుకోలేనమ్మా. దీంట్లో పొమ్మని లేదు." ఆమె గొంతు పక్క సీటు మనిషికి వినబడనంత తగ్గింది. "ఉండమన్నాడు. నేను అబద్ధం సదివినా. అందరి ముందర, ఆయన బల్ల ముందర. మూడు దినాలుగా నాకు అన్నం దిగడంలేదు. ఆయన వద్దన్న తావుకు పోతాండా. నన్ను సూస్తాడా అమ్మా అక్కడ? వదిలేస్తాడా?"

మునెమ్మ గుప్పిట విప్పలేదు. అందులో ఏముందో విప్పకుండానే తెలుసు.

నిజం నోటిదాకా వచ్చింది. ఆయనేమీ అనలేదు పాపా, రెండూ నేనే రాసినా, రెండింట్లోనూ ఒకటే రాసినా, నువ్వు ఆయన మాటను కాదనలేదు, నా మాటను కాదన్నావు, అంతే. ఇన్ని మాటలు కూడా అక్కర్లేదు. రెండూ నేనే రాసినా అంటే చాలు. బిడ్డ ఏడుస్తుందో తిడుతుందో, తేలికపడి పోతుంది.

తేలికపడితే పోతుంది. భయపడితే దిగుతుంది.

"దిగు," అంది మునెమ్మ. "దేవుడు వద్దన్నాక పోతే ఏమవుతాదో నీకు తెలీదా? ఇంకా టైం ఉండాది. సంచి నాకియ్యి. దిగు పాపా."

నందిని లేచింది. నిజంగానే లేచింది. సంచి పట్టీ పట్టుకుని సగం నిలబడి, ముందు సీటు కమ్మీని కుడిచేత్తో పట్టుకుంది. మంటకు నల్లబడిన ఆ చెయ్యి వైపు తానే చూసుకుంది. కండక్టరు తలుపు దగ్గర నుంచి అరిచాడు.

"ఏమ్మా, దిగేదుంటే దిగు. లేదంటే కూచో. దోవకడ్డం."

నందిని కూర్చుంది.

"లోహితను బళ్లో ఎయ్యాల," అంది, ఎవరికో చెప్తున్నట్టు. తర్వాత కిటికీ వైపు వంగి, "నువ్వు నాకోసం అడుగమ్మా. నీ మాట ఇంటాడు. కోపం పెట్టుకోవద్దని సెప్పు," అంది.

బస్సు కదిలింది. మునెమ్మ కమ్మీ పట్టుకుని నాలుగడుగులు నడిచింది. "నందినీ, ఒక మాట!" అంది. హారన్ మోగింది. ఒక పండ్ల బండి అడ్డం వచ్చింది. కమ్మీ చేతిలోంచి జారిపోయింది.

*

ఆ సాయంత్రం ఇల్లు ఊడ్వలేదు. గురువారం కూడా ఊడ్వలేదు. అలికిన నేల మీద లోహిత పెన్సిల్ చెక్కిన పొట్టు, నందిని దువ్వెనలోంచి తీసి పడేసిన వెంట్రుకల ఉండ అట్లాగే ఉన్నాయి. మునెమ్మ వాటిని తొక్కకుండా నడిచింది.

గురువారం మధ్యాహ్నం చర్చికి పోయి చాప మీద కూర్చుంది. ఈసారి ఏమీ మాట్లాడకూడదనుకుంది. నోరు మూసుకుని, కళ్లు మూసుకుని, ముసలాయన పెనం పక్కన నిలబడినట్టు కూర్చుంది. దూరంగా గానుగ ఇంజను సద్దు వినబడింది. కప్పులో పిచ్చుకలు గడ్డి లాగుతున్న సద్దు వినబడింది. గిన్నె బల్ల మీద బోర్లించి ఉంది. చాలాసేపు కూర్చుంది. ఇంకేమీ వినబడలేదు. తాను ఇంతకాలం విన్నాననుకున్నదంతా ఇట్లా ఊరికే కూర్చున్నప్పుడు తాను కల్పించుకున్న మాటలేనా అనిపించి లేచి వచ్చేసింది.

శుక్రవారం పొద్దున గంగులమ్మ ఫోన్‌కు నందిని నుంచి కాల్ వచ్చింది. గంగులమ్మ పరుగున తెచ్చి మునెమ్మ చెవికి ఆనించింది.

"చేరినామ్మా. ఇల్లు పెద్దది. నాలుగు మెట్ల వరసలు. పిల్ల బడికి పోయిందా?"

"పోయింది. తిన్నావా?"

"తిన్నా. అమ్మా." ఆగింది. వెనక ఎవరో ఆడమనిషి వేరే భాషలో గట్టిగా పిలుస్తోంది. "నా గురించి అడిగినావా ఆయన్ని?"

"అడిగినా."

"ఏమన్నాడు?"

గంగులమ్మ అక్కడే, చెవి ఇటు పెట్టి నిలబడి ఉంది. ఈ రోజు కాకపోతే ఇంకోరోజు, ఫోన్ వేరేగా అడిగి తీసుకున్నప్పుడు చెప్దామనుకుంది మునెమ్మ. క్షమించినాడు అని చెప్పొచ్చు. ఆ మాట చెప్పడం ఎంత సులువో ఆమెకు తెలుసు, ఇరవై ఏళ్లుగా చెప్తూనే ఉంది. కానీ దేవుని పేరు మీద ఇంకొక్క మాట కూడా కల్పించనని నిన్న ఆ చాప మీద నుంచి లేస్తూ అనుకుంది.

"ఏమీ అనలేదు," అంది. చాలా రోజుల తర్వాత ఆమె నోటి నుంచి వచ్చిన నిజం అది.



"సరేలే," అంది నందిని. "ఎందుకంటాడు లే." మళ్లీ ఆ ఆడమనిషి పిలిచింది. ఫోన్ ఆగిపోయింది.

మునెమ్మ మూలనున్న చీపురు తీసి ఇల్లు ఊడ్చింది. గడప దగ్గర వెంట్రుకల ఉండ వచ్చింది. దాన్ని కూడా బయటికి ఊడ్చేసింది. చీటీని మడత విప్పకుండా పాటల పుస్తకంలో పెట్టింది. తర్వాత పదిహేను నెలల్లో ఫోన్లు చాలా వచ్చాయి. చీట్ల సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు.

నందిని బస్సెక్కింది రెండు వేల ఇరవై, ఫిబ్రవరి పంతొమ్మిదిన. రెండు వేల ఇరవై ఒకటి, మే పద్నాలుగున, శుక్రవారం, అక్కడి ఆస్పత్రిలో కరోనాతో చనిపోయింది. అక్కడే పూడ్చారు. తిరిగి రాలేదు.